గంజి కోసం వచ్చిన విశ్వాసమేనా?

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచిలో బైబిలు పెట్టుకుని చర్చికి బయలుదేరిన ముసలమ్మను చూసి, రచ్చబండ మీద కూచున్న కుర్రవాళ్లు ‘హల్లెలూయా’ అని రాగం తీస్తారు. ఆమె విననట్టే సాగిపోతుంది. చిన్ననాటి నుంచీ వింటున్న పాటే అది. కాని వెనక నడుస్తున్న మనుమడికి చెవులు ఎర్రబడతాయి. అతడు పట్నంలో కళాశాలలో చదువుతున్నాడు. ఆదివారం ఎక్కడికి పోయావని హాస్టలులో ఎవరైనా అడిగితే బజారుకు అని చెప్పి తప్పించుకోవడం ఈమధ్యనే నేర్చుకున్నాడు. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఇటువంటి అవ్వలూ ఉన్నారు, ఇటువంటి మనుమలూ ఉన్నారు.

నవ్వే పద్ధతులు మారాయి గాని నవ్వు మారలేదు. ఒకప్పుడు బావి దగ్గరా, అరుగుల మీదా వినిపించిన మాటలు ఇప్పుడు సెల్‌ఫోనులో వస్తున్నాయి. క్రైస్తవులను ‘గొర్రెలు’ అనడం ఇప్పటి వాడుక. గొర్రెలను కాచుకుని బిడ్డలను చదివించుకుంటున్న కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో ఆ మాట తిట్టు ఎట్లా అయిందో అన్నవాళ్లే చెప్పాలి. పెళ్లయిన ఆడపిల్ల నుదుట బొట్టు లేకుండా శుభకార్యానికి వెళితే, మొగుడు క్షేమమేనా అని నలుగురిలో అడిగి నవ్వేవాళ్లున్నారు. చదువుకున్నవారి ఎగతాళి మరొక రకం. ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడట గదా మీ దేవుడు, అంటారు.

వీటన్నిటినీ మించినది ఒకటుంది. జబ్బు పడిన బిడ్డ కోసం ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉండి ప్రార్థన చేసినా బిడ్డ దక్కనప్పుడు, పరామర్శకు వచ్చిన మనిషే గుమ్మం దాటుతూ, ఇంతకీ మీ దేవుడు ఏమైనట్టు అని ఒక మాట వదిలిపోతాడు. దానికి జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా ఉండదు. బైబిలులో నలభై రెండవ కీర్తన రాసిన మనిషి కూడా సరిగ్గా ఈ ప్రశ్ననే రోజూ విని, రాత్రింబగళ్లు ఏడ్చానని చెప్పుకున్నాడు. అతడు ఆ ప్రశ్నకు వాదం చెప్పలేదు. ఏడుస్తూనే దేవుడితో మాట్లాడడం మానలేదు, అంతే. పాస్టర్లు ఆ ఇంటికి వెళ్లినప్పుడు పెద్ద ప్రసంగం చెయ్యకుండా ఆ ఒక్క కీర్తన చదివి, కాసేపు చాప మీద కూచుని వస్తే చాలు.

‘నవ్విన నాపచేనే పండుతుంది’ అని సామెత. అవహేళన విన్న క్రైస్తవులకు పెద్దలు ఈ సామెత చెప్పి ధైర్యం చెబుతుంటారు. సామెత మంచిదే. కాని ఆ చేను ఎట్లా పండిందో తెలియకపోతే వినే కుర్రవాడికి అది ఉత్త మాటగానే మిగిలిపోతుంది. ఈ జిల్లాలో ఆ చేను పండిన తీరుకు రాతపూర్వకమైన ఆధారాలున్నాయి. విచిత్రమేమిటంటే, ఏ కథను చూపించి క్రైస్తవులను ఎక్కువగా ఎద్దేవా చేస్తారో, ఆ కథలోనే జవాబు కూడా ఉంది. కరువులో గంజినీళ్ల కోసం మతం పుచ్చుకున్నారన్నది ఆ ఎద్దేవా.

<b>కరువుకు ముందు</b>

అమెరికన్ బాప్టిస్టు మిషను 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి, తరువాత నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దీన్ని మూసివేద్దామా అని అమెరికాలోని వారి సంఘమే ఒకటికి రెండుసార్లు తర్కించింది. 1853లో జరిగిన సభలో, పటం మీద నెల్లూరు ఒంటరి చుక్కలాగా ఉందని ఒకాయన అన్న మాటతో ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు వచ్చింది. అంటే మొదట అనుమానపడింది ఊరివాళ్లు కాదు, పంపినవాళ్లే. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలులో కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించి దిగివచ్చారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం.

అయితే కథకు నాయకుడు దొర కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు దాకా వెళ్లినవాడు. అక్కడ ఒక మిషనరీ నోట క్రీస్తు మాట విన్నాడు. అంతకు ముందే ఒక యోగి శిష్యుడుగా ఉండి, దేవుడు ఒక్కడే అన్న భావంతో తిరుగుతున్నవాడు. అతడికి గంజి ఎవరూ పొయ్యలేదు. 1866లో బాప్తిస్మం తీసుకుని తన ఊరికి తిరిగి వెళ్లి, చుట్టుపక్కల మాదిగపల్లెల్లో తానే చెప్పుకుంటూ తిరిగాడు. మొదటి ఏళ్లలో చేరినవారిలో చాలామంది అతడి చుట్టాలూ, అతడికి తెలిసినవారూనే.

చేరినవారికి ఒప్పుదలలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. కాని ఆనాటి పల్లెలో ఒక్కొక్కటీ ఒక్కొక్క పూట కూడును తీసుకుపోయే మాట. పశువు చస్తే మాదిగవాడే ఈడ్చుకుపోవాలి, దాని మాంసమే అతడికి కూలి. జాతర జరిగితే డప్పు అతడే కొట్టాలి. ఆదివారం వెట్టికి రానన్న మనిషికి సోమవారం పొలంలో పని ఉండేది కాదు. డప్పు కొట్టని పల్లెకు బావి మూశారు, అంగళ్లలో సరుకు అమ్మలేదు. ఆనాడు నవ్వు ఒక్కటే కాదు, నవ్వు వెనక ఆకలి కూడా ఉంది.

క్లౌ తన జ్ఞాపకాలలో రాసుకున్న ఒక సంగతి ఇక్కడ చెప్పుకోదగ్గది. ఒంగోలులో పై కులాలవారు కొందరు మొదట్లో ఆయన మాటలు ఆసక్తిగా విన్నారు. మాదిగవాళ్లు వచ్చి చేరడం మొదలుకాగానే, వాళ్లను తీసుకుంటే మేము రాము అని తేల్చి చెప్పారు. ఎటు పోవాలో తోచక ఆయనా, భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం కనిపించిందట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం. జ్ఞానులనూ గొప్ప వంశాలవారినీ కాక, లోకం చులకన చేసినవారినే దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం. ఇద్దరూ దాన్ని ఆజ్ఞగా తీసుకున్నారు. పెద్దలు వెళ్లిపోయారు. మాదిగలు మిగిలారు. ఊరు నవ్వింది.

<b>గుండ్లకమ్మ ఒడ్డున</b>

1876లో మొదలైన కరువు 1878 దాకా ఈ ప్రాంతాన్ని పీల్చేసింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి పని చూపించాడు. కూలి ఇచ్చి పని చేయించుకున్నాడు. ఊరికే గంజి పోసింది కాదు. పేరయ్య వంటి తెలుగు బోధకులు మట్టి పని మేస్త్రీలుగా ఉండి, కూలీలు సేదదీరే వేళల్లో క్రీస్తును గురించి చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లు కొల్లలు.

ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కరువు జరుగుతున్నన్నాళ్లూ, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మారారన్న మాట రాకూడదనే. ఈనాడు రచ్చబండ మీద కూచుని తిండికి మారారని తేల్చేవారి కన్నా నూట యాభై ఏళ్ల ముందు ఆ అనుమానం వచ్చింది ఆ దొరకే. వచ్చి, తలుపు మూసి, పదిహేను నెలలు కాచుకున్నాడు.

1878 నడివేసవి దాటింది. ఇక సహాయం లేదు, డబ్బు లేదు, ఎవరి ఊళ్లకు వాళ్లు పొండి అని చెప్పారు. ఒంగోలుకు ఉత్తరంగా, మద్దిపాడు సమీపంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున జనం గుమిగూడారు. ఇచ్చేదేమీ లేదని మళ్లీ చెప్పినా కదలలేదు. మాకు సహాయం అక్కరలేదన్నారు. చేతులకు పొక్కిన బొబ్బలు చూపించి, కష్టపడి బతికేవాళ్లమని చెప్పారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాము గాని, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చావాలని ఉందన్నారు. క్లౌ రాతల్లో నమోదైన సంగతి ఇది.

అప్పుడు తలుపు తెరవక తప్పలేదు. ఊరు ఊరుగా కూచోబెట్టి, ఎవరు ఎందుకు వచ్చారో విచారించి పేర్లు రాసుకున్నారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో బాప్తిస్మం పొందారు. దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క తడవకు ఇద్దరు చొప్పున, పొద్దుటి నుంచి మధ్యాహ్నం విరామం పోను సాయంత్రం దాకా ఆ పని చేశారు. అదే సంవత్సరం ఆఖరుకు కొత్తగా చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఇంత తొందర ఏమిటని తోటి మిషనరీలే కొందరు విమర్శించారు.

వీరిలో ఒక్కరికీ ఆశ లేదని వాదించడం కూడా అబద్ధమే అవుతుంది. మనిషిగా చూసేవారు దొరుకుతారన్న ఆశ, బిడ్డ చేతికి పలక వస్తుందన్న ఆశ తప్పకుండా ఉండి ఉంటుంది. కాని కడుపు నిండాలన్న కోరిక ఉన్న మనిషికి దేవుడి మీద నమ్మకం ఉండదని ఎవరు చెప్పారు? పంట పండాలని మొక్కే రైతు భక్తిని ఎవరూ నవ్వరు. పరీక్ష పాసు కావాలని కొబ్బరికాయ కొట్టే విద్యార్థిని ఎవరూ నిలదీయరు. ఆ ప్రశ్న బీదవాడు మతం మారినప్పుడు మాత్రమే లేస్తుంది.

ఇటువంటి చిన్నచూపు మామూలు మనుషులకే పరిమితం కాలేదు. 1936లో అమెరికా క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీగారు, ఆవుకు సువార్త చెబుతారా, హరిజనుల్లో కొందరి అవగాహన అంతకన్నా తక్కువ అన్న భావం వచ్చేటట్టు మాట్లాడారు. అది ఆయన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చయింది. అంటరానితనం మీద అంత పోరాడిన మనిషి నోట ఆ మాట రావడం బాధాకరమే. అప్పటికి దోర్నకల్లులో, 1912 నుంచీ బిషప్పుగా ఉన్న అజరయ్యగారు తెలుగు పల్లెల్లో తిరుగుతూ, ఈ బీదవారికి ఆలోచించే శక్తీ, ఎంచుకునే హక్కూ ఉన్నాయన్న పట్టుదలతోనే పని చేశారు. గుండ్లకమ్మ ఒడ్డున బొబ్బలు చూపించినవారు కూడా చెప్పింది అదే.

దొరల మతం అన్న మాట సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అందులో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవులైనవారు. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి గుర్రం జాషువాగారికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగు పద్యంలో, తెలుగు రాగంలో ఇంత కాలంగా ఉన్నదాన్ని ఇంకా పరాయిది అనడానికి కొంత ఓపిక కావాలి.

<b>ధ్రువపత్రం ముందు</b>

ఇప్పుడు లాభం లెక్క చూద్దాం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారు షెడ్యూల్డు కులాల కిందికి రారు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ సవరణ చేశారు. క్రైస్తవులకు చెయ్యలేదు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారు రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపు కింద ఒక్క శాతంలోకి వస్తారు. కేంద్రం 2022లో ఈ విషయం పరిశీలనకు మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. లాభం కోసమే మతం పుచ్చుకున్నారనేవారు ఈ లెక్క ఒక్కసారి చూడాలి. రిజర్వేషన్లకు సంబంధించినంతవరకు ఇది చేజేతులా నష్టపోయే బేరం.

ఎగతాళి నిజంగా గుచ్చుకునేది ఇక్కడే. నష్టం భరించలేక పత్రంలో ఒక మతం, ఆదివారం మరొక మతం అని రెండు పేర్లతో బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి. బడి రికార్డులో ఒక పేరు, సంఘం పుస్తకంలో మరొకటి. చట్టం వాళ్లను ఇరుకున పెట్టిన మాట వాస్తవం. బిడ్డ చదువు ఆగిపోతుందని భయపడే తండ్రిని నవ్వడం ఏ మాత్రం న్యాయం కాదు. అయినా, ఆ తండ్రి కూడా రాత్రి పడుకున్నప్పుడు ఆ రెండో పేరు బరువును మోస్తూనే ఉంటాడు. ఎదుటివాడు ‘నువ్వు నిజంగా క్రైస్తవుడివేనా’ అని నవ్వుతూ అడిగినప్పుడు నోరు పెగలకపోవడానికి చాలాసార్లు విశ్వాసం తక్కువ కావడం కారణం కాదు, ఆ కాగితమే కారణం. ‘సి’ గ్రూపు పత్రం తీసుకుని, వచ్చినంతతో సరిపెట్టుకున్న కుటుంబాలు కూడా పల్లెల్లో ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో పిల్లలు ఈ ప్రశ్నకు తడబడరు. దీన్ని గురించి సంఘాల్లో బహిరంగంగా మాట్లాడుకోవడానికి పెద్దలు ఎందుకు జంకుతున్నారో అర్థం కాదు.

క్రైస్తవులు చేజేతులా తెచ్చుకున్న నవ్వు కూడా కొంత ఉంది. రాత్రి పదకొండు దాకా మైకు పెట్టి అరిస్తే పక్కింటి రోగి విసుక్కోడా? స్వస్థత సభల్లో చేతికర్ర పారేయించి, డాక్టరు మందులు మానమని చెప్పి, కానుకల డబ్బా తిప్పినవారిని చూసి ఊరు నవ్వితే ఊరిది తప్పా? గ్రామదేవతను పేరు పెట్టి దూషించి, తరువాత మమ్మల్ని దూషిస్తున్నారని వాపోవడం ఏం పద్ధతి? ఇటువంటి చోట ఎగతాళిని హింస అని పేరు పెట్టుకోవడం కన్నా, మైకు కట్టేయడం మేలు. పేతురు రాసిన మొదటి పత్రికలో, నిరీక్షణకు కారణం అడిగినవారికి మెల్లగా, మర్యాదగా చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది. ఆ పత్రిక రాసింది కూడా నిందలు పడుతున్నవారికే. అడిగినవాడికి చెప్పమన్నాడు గాని, అడగనివాడి చెవిలో అరవమనలేదు.

అదేవిధంగా నిందించినవాడి మీద తిరగబడి నాలుగు మాటలు అనడం విశ్వాసం కింద జమకాదు. ఫోనులో వచ్చిన తిట్టుకు తిట్టు పంపించి, దేవుడి తరఫున పోట్లాడినట్టు తృప్తి పడే యువకులు పెరుగుతున్నారు. క్రైస్తవం మీద ఎగతాళి ఎంత పాతదో వాళ్లకు తెలియదనుకోవాలి. రోము నగరంలో పాలటైన్ కొండ మీది ఒక పాత భవనంలో, సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి గోడగీత ఒకటి 1857లో బయటపడింది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద మొక్కుతున్న ఒక కుర్రవాడు. అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు అన్న అర్థంతో గ్రీకు అక్షరాలు. ఎవరో తోటివాడు వెక్కిరించడానికి గోకినది. పక్క గదిలో మరొక రాత దొరికింది. అందులో అలెక్సామెనోస్ పేరు, పక్కన విశ్వాసి అన్న ఒక్క మాట ఉన్నాయి. అది అతడే రాసుకున్నాడో, స్నేహితుడు రాశాడో చెప్పలేరు. గాడిద బొమ్మ గీసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

పల్లెలో మనిషికీ మనిషికీ మధ్య వ్యవహారం గోడ మీది రాతలా ఉండదు. నవ్వినవాడే నాటుకు కూలికి పిలుస్తాడు, వాడి పెళ్లికి వీళ్లు పందిరి వేస్తారు. అవ్వను చూసి రాగం తీసిన కుర్రవాడి తల్లి, కొడుక్కి జ్వరం తగ్గకపోతే సాయంత్రం దొడ్డిదోవన వచ్చి ‘పెద్దమ్మా, కాస్త ప్రార్థన చెయ్యవూ’ అని అడగడం జిల్లాలో కొత్త విషయం కాదు. అవ్వ వెళుతుంది. ముందు ఆసుపత్రికి తీసుకుపోయారా అని అడుగుతుంది, తరువాత ప్రార్థన చేస్తుంది. పొద్దున జరిగిన మాట ఎత్తదు.

మనుమడికి అంత ఓపిక రావడానికి కాలం పడుతుంది. ఈలోగా హాస్టలులో స్నేహితులు ఆదివారం ఎక్కడికి పోయావని అడిగితే, చర్చికి అని చెప్పవచ్చు. వాళ్లు నవ్వవచ్చు. గంజి కోసమా అని ఒకడు అంటే, పదిహేను నెలలు బాప్తిస్మం ఇవ్వకుండా ఆపిన సంగతి చెప్పవచ్చు. వినేవాడికి ఆసక్తి ఉంటే వెల్లంపల్లి దూరమేమీ కాదు. జాతీయ రహదారి మీద ఒంగోలు నుంచి ఉత్తరంగా వెళ్లే బస్సు ఎక్కితే గుండ్లకమ్మ వంతెన వస్తుంది. నీళ్లు తక్కువగా ఉన్న నెలల్లో ఇసుక మీద నడిచి ఏటి దాకా వెళ్లవచ్చు.